షుగర్ ఎంతుందో అడగండి

రుషికొండ తీరంలోనూ, అండమాన్ దీవుల్లోనూ, ఇంకా ఎక్కడెక్కడో జనాన్ని సముద్రం అడుగుకు తీసుకెళ్తున్న స్కూబా శిక్షకులకు, డైవ్ కేంద్రాల నిర్వాహకులకు,



నాకు 19వ ఏట షుగర్ వచ్చింది. టైప్ 1. అప్పటినుంచీ ఇన్సులిన్ మీదే ఉన్నాను. ఇప్పుడు 46 ఏళ్లు. విశాఖలో ఉంటాను. ఇప్పటికి వందకు పైగా డైవ్‌లు చేశాను. ప్రతి డైవ్‌కి ముందూ తర్వాతా నా రక్తంలో చక్కెర ఎంతుందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఉప్పునీటికి అంచులు ముడతలు పడిపోయిన ఆ పుస్తకం పక్కన పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీలో కొందరు షుగర్ అన్న మాట చెవిన పడగానే వద్దని పంపేస్తారు. మరికొందరు విననట్టు ఊరుకుని దించేస్తారు. ఈ రెండు పద్ధతులకూ పొంతన లేనట్టు కనిపిస్తుంది కానీ, చివరికి జరిగేది ఒకటే. షుగర్ ఉన్న మనిషి ఆ సంగతి దాచుకుని నీళ్లలో దిగుతాడు. పక్కనున్న మీకు అతని గురించి ఏమీ తెలియదు. షుగర్ కంటే ఆ తెలియకపోవడమే ఎక్కువ ప్రమాదం. దాన్ని పోగొట్టడం మీ చేతుల్లో ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను.

2014 డిసెంబరులో చెల్లెలి కుటుంబంతో కలిసి అండమాన్ వెళ్లాను. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్న దీవిని అప్పటికింకా హేవ్‌లాక్ అనే పిలిచేవారు. ముందురోజు ఫోన్ చేస్తే, "పడవలో వాంతులవుతాయి మేడమ్, పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చేయండి" అన్నారు. రాత్రి ఇన్సులిన్ మాత్రం మామూలు మోతాదులోనే వేసుకున్నాను. తెల్లారి ఏడింటికి కౌంటర్ దగ్గర ఒక ఫారం చేతికిచ్చారు. షుగర్ ఉందా అన్న చోట 'అవును' అని టిక్ పెట్టాను. కౌంటర్లో కుర్రాడు అది చూసి, నా మేలు కోరే మనిషిలాగే మెల్లగా చెప్పాడు: "అవునంటే డాక్టర్ లెటర్ కావాలి మేడమ్. లేకపోతే డైవ్ క్యాన్సిల్. డబ్బులూ రావు. కాదని పెట్టేయండి, ఏం కాదు." బయట పడవ సిద్ధంగా ఉంది. మేనల్లుడు లైఫ్ జాకెట్ వేసుకుని ఒడ్డున గెంతుతున్నాడు. ఇంకో ఫారం అడిగి తీసుకున్నాను. 'కాదు' అని పెట్టి సంతకం చేశాను.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఎనిమిది మీటర్ల లోతున పగడాల సందుల్లో పసుపు చారల చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. ఇరవై నిమిషాలు గడిచాయేమో, ఒళ్లంతా చలి పట్టినట్టయింది. అంత వెచ్చటి నీళ్లలో చలెందుకని నాకు తట్టలేదు. శిక్షకుడు వేళ్లు గుండ్రంగా చుట్టి 'ఓకేనా?' అని అడిగాడు. నేనూ వేళ్లు చుట్టి చూపించాను. ఆలోచించి ఇచ్చిన జవాబు కాదది. చెయ్యి దానంతటదే అలా తిరిగింది. ఆయన నమ్మాడు. నమ్మకుండా ఉండటానికి ఆయన దగ్గర ఏ కారణమూ లేదు. కారణం రాయాల్సిన కాగితం మీద నేను అబద్ధం రాశాను.

పైకొచ్చాక పడవ నిచ్చెన రెండో మెట్టు మీద కాలు ఆడలేదు. ఇద్దరు పట్టి లాగారు. చేతులు వణుకుతుంటే చలికి అనుకుని తువ్వాలు కప్పారు. షుగర్ పడిపోయిందని చెప్పాలని ఉంది, నాలుక తిరగడం లేదు. నా సంచిలో గ్లూకోమీటర్ ఉంది, గ్లూకోజ్ పొడి ఉంది. ఆ సంచి తీయాలని ఆ పడవలో ఎవరికి తెలుస్తుంది? పడవ నడిపే పెద్దాయన మన సిక్కోలు మనిషి, ఎప్పుడో పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిపోయిన మత్స్యకార కుటుంబం. "ఏటమ్మా, సలేస్తోందా?" అంటూ తన ఫ్లాస్కులోంచి టీ పోసి నోటికందించాడు. పాకంలా తియ్యటి టీ. రెండు గ్లాసులు తాగాక మాట వచ్చింది. ఒడ్డు చేరాక చూసుకుంటే మీటరులో 58. టీ పడ్డాక 58 అంటే నిచ్చెన దగ్గర ఎంతుండి ఉంటుందో లెక్క కట్టడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు. ఆ పెద్దాయన చక్కెర లేని టీ తాగే మనిషైతే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో.

ఆ కౌంటర్ కుర్రాడిని తప్పుపట్టను. శిక్షకుడి తప్పు అసలే లేదు. ఆ ఫారం నా ముందు రెండే దారులు పెట్టింది: నిజం చెప్పి ఒడ్డున కూర్చోవడం, అబద్ధం చెప్పి నీళ్లలో దిగడం. మూడో దారి ఉందని నాకూ తెలియదు, ఆ కుర్రాడికీ తెలియదు.

ఆ మూడో దారి వేసి ఇప్పటికి ఇరవై ఏళ్లయింది. ఒకప్పుడు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డైవింగ్ మాటే ఎత్తకూడదని వైద్యులు చెప్పేవారు. డైవర్ల భద్రత కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అంటే డాన్, 1993లో ఒక సర్వే చేసింది. ఇన్సులిన్ తీసుకుంటూనే చాలామంది డైవ్ చేస్తున్నారని అందులో తేలింది. వద్దన్నంత మాత్రాన ఎవరూ మానలేదు. దాంతో డాన్ పరిశోధకులు ఇన్సులిన్ వాడే 40 మందిని ఎంచుకుని, వాళ్లు చేసిన 555 డైవ్‌లకు ముందూ తర్వాతా చక్కెర కొలిచారు. 37 డైవ్‌ల తర్వాత అది 70 కంటే కిందికి పడిపోయింది. అంటే నూటికి ఏడు. షుగర్ లేనివాళ్లలో అది నూటికి ఒకటి. ప్రమాదం ఉన్నమాట నిజమే, జాగ్రత్త పడితే దాన్ని అదుపులో పెట్టుకోవచ్చన్నదీ నిజమే అని ఆ అంకెలు చెప్పాయి. 2005 జూన్‌లో డాన్, సముద్ర వైద్య నిపుణుల సంఘం యూహెచ్‌ఎంఎస్ కలిసి లాస్ వేగాస్‌లో సదస్సు పెట్టి, షుగర్ ఉన్నవాళ్లు సరదా డైవింగ్ ఎలా చేయాలో నియమాలు రాశాయి. నేను పాటించేవి అవే. మీరు పాటించమని అడుగుతున్నవీ అవే.

నియమాల కంటే ముందు, షుగర్ పడిపోవడం ఒడ్డు మీద ఒకలా, నీళ్లలో ఇంకోలా ఎందుకుంటుందో చెప్పాలి. ఇంట్లో షుగర్ డౌన్ అయితే చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి దంచేస్తుంది. చెమట తుడుచుకుంటుంటే ఇంట్లోవాళ్లు చూసి చక్కెర నీళ్లిస్తారు. నీళ్లలో చెమట కనిపించదు. వణుకు వస్తే చలి అనుకుంటాం. తికమక పడితే నైట్రోజన్ మత్తు అనుకుంటాం. నీరసం వస్తే ఫిన్స్‌తో ఈదిన అలసట అనుకుంటాం. షుగర్ పడిపోయిందని చెప్పే ప్రతి లక్షణానికీ సముద్రం దగ్గర ఇంకో పేరు సిద్ధంగా ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు, చక్కెర తగ్గినప్పుడు మొదట దెబ్బతినేది తీర్పు చెప్పే బుద్ధే. నాకు బాగాలేదని గుర్తించాల్సిన మెదడే అప్పటికి సగం పనిచేయదు. ఇంకాస్త తగ్గి స్పృహ తప్పితే నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతుంది. తర్వాత జరిగేదానికి షుగర్‌తో పని లేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతాయి.

అందుకే ఈ నియమాలన్నీ నీళ్లలో దిగకముందు చేయాల్సిన పనుల చుట్టూనే తిరుగుతాయి. ఇక్కడ నేను చెప్పే అంకెలన్నీ మన గ్లూకోమీటర్లలో కనిపించే లెక్కలోనివే.

దిగడానికి గంట ముందు ఒకసారి, అరగంట ముందు ఒకసారి, దిగబోయే క్షణంలో ఒకసారి, మొత్తం మూడుసార్లు చూసుకోవాలి. 150 కంటే తక్కువుంటే దిగకూడదు. 300 దాటినా దిగకూడదు. 150 పైన ఉండటమొక్కటే చాలదు. అది నిలకడగానో, పెరుగుతూనో ఉండాలి. కిందికి వస్తూ ఉండకూడదు. మూడుసార్లు ఎందుకంటే, ఒక్క అంకె చూస్తే మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది, మూడు చూస్తే ఎటు పోతున్నాడో తెలుస్తుంది.

నా పుస్తకంలో ఒక పేజీ చూపిస్తాను. రుషికొండలో ఓ ఆదివారం పొద్దున. గంట ముందు 212. అరగంట ముందు 181. ట్యాంకు భుజానికెత్తుకునే ముందు 154. నాకంటే పదేళ్లు చిన్నవాడైన మా శిక్షకుడు ఆ మూడు అంకెలూ పలక మీద రాసి నా ముందు పెట్టాడు. "150 పైనే ఉందక్కా. కానీ గంటలో 58 దిగింది. ఇదే వరసన పోతే మనం కింద ఉన్నప్పుడు నీకు వందుంటుంది. ఇప్పుడు వద్దు, రెండో ట్రిప్‌లో వెళ్దాం." నాకు కోపం వచ్చింది. అందరూ దిగుతున్నారు, సముద్రం అద్దంలా ఉంది. రెండు అరటిపళ్లు, నాలుగు బిస్కట్లు తిని పడవలో కూర్చున్నాను. ముప్పావుగంట తర్వాత 176. ఇంకో అరగంటకి 188. అప్పుడు దిగాను. పైకొచ్చాక 139. ఆ కుర్రాడు డాక్టరు కాదు. తీసివేత వచ్చు, వద్దు అని చెప్పే ధైర్యం ఉంది. మీ దగ్గర నేను కోరేది ఆ రెండే.

నీళ్లలో ఉండగా ఏదైనా తేడా అనిపిస్తే చూపించడానికి మాకో సైగ ఉంది. బొటనవేలు, చూపుడువేలు చాచి ఇంగ్లిషు ఎల్ అక్షరంలా పెట్టడం. 'లో' అని అర్థం. అది కనిపిస్తే చర్చ లేదు. ఇద్దరూ మామూలు వేగంతో పైకి రావాలి, జాకెట్‌లోకి గాలి నింపుకుని నీటిపైన తేలాలి, గ్లూకోజ్ తిని నీళ్లలోంచి బయటపడాలి. గ్లూకోజ్ ప్రతి డైవ్‌లోనూ డైవర్ జేబులో ఉండాలి. పొడి తడిసి ముద్దవుతుంది కాబట్టి నేను జెల్ ట్యూబు పెట్టుకుంటాను. ఆ ట్యూబు ఏ జేబులో ఉందో నాతో జంటగా దిగే బడ్డీకి తెలుసు. ఆ బడ్డీకి షుగర్ ఉండకూడదన్నది ఇంకో నియమం. లోతు 30 మీటర్లు దాటకూడదు. సమయం గంట దాటకూడదు. డికంప్రెషన్ స్టాపులు తప్పనిసరయ్యే డైవ్‌లు వద్దు. తలపైన కప్పు ఉండే గుహల్లోకి, మునిగిన ఓడల లోపలికి వెళ్లకూడదు. ఇవన్నీ ఒక్క కారణానికే. పైకి రావాలనుకున్న క్షణంలో రావడానికి మాకు దారి తెరిచి ఉండాలి.

పైకొచ్చాక పని అయిపోదు. ఈదిన కండరాలు ఆ తర్వాత గంటల తరబడి రక్తంలోని చక్కెర లాగేసుకుంటూనే ఉంటాయి. అందుకే డైవ్ తర్వాత 12 నుంచి 15 గంటల దాకా తరచూ చూసుకోమంటారు. నాకు బాగా దిగేది ఆ రాత్రి రెండు మూడు గంటలప్పుడు. దీవుల్లో సాయంత్రం పూట బీరు తాగే అలవాటున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మద్యం తాగితే, చక్కెర తగ్గినప్పుడు దాన్ని తయారుచేసి వదలాల్సిన కాలేయం ఆ పని సరిగా చేయదు. నీళ్లలో మునిగి ఉన్నప్పుడు ఒంట్లోంచి మూత్రం రూపంలో నీరు ఎక్కువ పోతుంది. కాబట్టి మంచినీళ్లు బాగా తాగించండి.

అందరినీ దించమని నేను అడగడం లేదు. నాలాంటివాళ్లలో కొందరికి మీరు వద్దనే చెప్పాలి. షుగర్ పడిపోతున్నా ఏ లక్షణమూ తెలియనివాళ్లు దిగకూడదు. గడిచిన ఏడాదిలో షుగర్ తగ్గో పెరిగో మరొకరి సాయం కావాల్సి వచ్చినవాళ్లు దిగకూడదు. ఇన్సులిన్ మొదలుపెట్టి ఏడాది నిండనివాళ్లు, కొత్త మాత్రలు మొదలుపెట్టి మూడు నెలలు కానివాళ్లు ఆగాలి. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, గుండె చెప్పుకోదగ్గంతగా దెబ్బతిన్నవాళ్లకు ఇది తగదు. పాదాలకు స్పర్శ తెలియని మనిషికి పగడం గీసుకుంటే సాయంత్రం దాకా తెలియదు, తెలిసేసరికి చీము పడుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తొమ్మిది దాటితే ముందు వైద్యం సరిచేసుకుని రావాలి. నలభై దాటినవాళ్లకు నొప్పి తెలియకుండా వచ్చే గుండె జబ్బు ఉందేమో పరీక్ష చేయించాలి. వయసు 18 నిండి ఉండాలి.

ఏడాది ఆగాలన్న నియమం నాకూ తగిలింది. పడవలో జరిగింది మా డాక్టరుగారికి దాచకుండా చెప్పాను. "ఎందుకమ్మా ఈ సాహసాలు?" అని మొదట కసిరారు. నియమాల కాగితాలు ప్రింటు తీసి పట్టుకెళ్తే కూర్చుని మొత్తం చదివారు. "నీకు ఇంకొకరి సాయం కావాల్సొచ్చింది కాబట్టి ఈ లెక్కన ఏడాది ఆగాలి" అన్నారు. ఆగాను. కంటి రెటీనా, మూత్రంలో ప్రొటీన్, పాదాల స్పర్శ పరీక్షలన్నీ చేయించారు. 2016లో సంతకం పెట్టిచ్చారు. ఆ తర్వాతే కోర్సులో చేరి పద్ధతిగా నేర్చుకున్నాను. నలభై నిండిన ఏడాది ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించాకే మళ్లీ సంతకం పెట్టారు. ఆయనకు డైవింగ్ తెలియదు, నాకు వైద్యం తెలియదు. ఇద్దరి మధ్యా ఆ కాగితం ఉంది కాబట్టి పని జరిగింది.

ఇన్సులిన్ వాళ్లతోనే జాగ్రత్త, మాత్రల వాళ్లకు ఏమీ కాదనుకోకండి. మాత్ర పేరు అడగండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వాడేవాళ్లకు తిండి ఆలస్యమైతే దభాలున పడిపోతుంది. మన దేశంలో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్రలు మింగేవాళ్లు ఎంతమందో ఏ మందుల షాపులో అడిగినా చెప్తారు. పొద్దున్నే ఆ మాత్ర వేసుకున్న మనిషికి "ఏమీ తినకుండా రండి" అని చెప్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. తిన్నవాళ్లకూ ఒక చిక్కుంది. ఇడ్లీలు తిని, దానికి సరిపడా ఇన్సులిన్ వేసుకుని, పడవ ఊపుకి అదంతా వాంతి చేసుకుంటే ఇడ్లీ బయటికి పోతుంది, ఇన్సులిన్ ఒంట్లోనే ఉంటుంది. పడవలో వాంతి చేసుకున్న షుగర్ మనిషిని ఆ పూట దించకండి. డపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీరు తగ్గిస్తాయి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు వణుకు, దడ తెలియకపోవచ్చు. ఈ మందుల పేర్లు కనిపిస్తే నిర్ణయం మీరు తీసుకోనక్కర్లేదు, డాక్టరుకు వదిలేయండి. కనిపించాలంటే ముందు అడగాలి.

చేతికి బిళ్లలాంటి సెన్సర్ పెట్టుకుని వచ్చేవాళ్లు ఈమధ్య పెరిగారు. పడవ మీద అది చాలా పనికొస్తుంది. అంకె పక్కనే బాణం గుర్తు ఉంటుంది, షుగర్ ఎక్కుతోందో దిగుతోందో చూపిస్తుంది. నీళ్లలో మాత్రం దాన్ని నమ్ముకోలేం. ఎక్కువమంది వాడే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్ ఒక మీటరు లోతున అరగంట వరకే తట్టుకుంటుందని తయారుచేసినవాళ్లే చెప్తారు. నీటి అడుగున బ్లూటూత్ సిగ్నల్ కూడా అందదు. ఇన్సులిన్ పంపులు డైవింగ్ లోతుకి చేసినవి కావు, తీసి దిగాల్సిందే. కాబట్టి పడవలో వేలి చుక్కతో చూసే మీటర్ తప్పనిసరి. దానికీ ఓ జాగ్రత్త ఉంది. ఉప్పునీళ్లు కారుతున్న వేలితో చూస్తే రక్తం పలచబడి అంకె తప్పు వస్తుంది. పండు ఒలిచిన వేలితో చూస్తే లేని చక్కెర కనిపిస్తుంది. మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు గుచ్చాలి. స్ట్రిప్పుల డబ్బా మూత పెట్టే ఉంచాలి, సముద్రపు తేమకి అవి పాడైపోతాయి.

ఇక మీరు చేయాల్సినవి. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు.

ఫారం బుకింగ్ రోజునే ఫోనుకి పంపండి. పడవ కదిలే ముందు కౌంటర్ దగ్గర చేతిలో పెడితే ఎవరైనా నాలాగే 'కాదు' అని రాస్తారు. వారం ముందు పంపితే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి వీలుంటుంది. 'షుగర్ ఉందా' అన్న ప్రశ్న కింద ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చండి: ఎప్పటినుంచి ఉంది, ఏ మందు వాడుతున్నారు, చివరిసారి షుగర్ ఎప్పుడు పడిపోయింది, హెచ్‌బీఏ1సీ ఎంత. నిజం చెప్పి ఆగిపోయినవాళ్ల డబ్బు తిరిగివ్వండి, లేదా ఇంకో రోజుకి మార్చండి. ఆ రోజు నా చేత అబద్ధం రాయించింది పోతాయన్న ఆ డబ్బులే.

పడవలో ఒక పొడి డబ్బా పెట్టండి. అందులో గ్లూకోమీటర్, గడువు తీరని స్ట్రిప్పులు, గ్లూకోజ్, నాలుగు పళ్లరసం ప్యాకెట్లు ఉంచండి. శిక్షకుడితో పాటు పడవ నడిపేవాళ్లకూ అది వాడటం నేర్పండి. స్పృహలో ఉండి మింగగలిగితే తీపి ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క కూడా పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు వస్తే గ్లూకగాన్ ఇంజెక్షన్ వెంట తెచ్చుకోమనండి, దాన్ని ఎలా ఇవ్వాలో పడవలో ఒకరికైనా చూపించమనండి. మందుకీ మీటరుకీ పడవలో నీడపట్టున చోటివ్వండి. ఎండలో మగ్గిన ఇన్సులిన్ పనిచేయదు.

డైవ్ తర్వాత ఎవరైనా తికమకగా మాట్లాడుతుంటే, తిమ్మిర్లు అంటుంటే, రెండూ గుర్తుండాలి. అది షుగర్ కావచ్చు, డికంప్రెషన్ జబ్బూ కావచ్చు. వేలి చుక్కతో చూడటానికి నిమిషం చాలు. ఆ నిమిషంలోనే ఆక్సిజన్ కూడా పెట్టేయండి, ఒకదాని కోసం ఇంకోటి ఆపకండి. అండమాన్‌లో రీకంప్రెషన్ ఛాంబర్ ఉన్నది ఇప్పుడు శ్రీ విజయ పురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆసుపత్రి ధన్వంతరిలో. దీవి నుంచి అక్కడికి చేరడానికి పట్టే సమయంలో ఏ నిమిషమూ వృథా కాకూడదు.

మూడుసార్లు చూడటానికి తీరిక ఎక్కడిదని మీరు అడగొచ్చు. మొదటిది జాగ్రత్తలు చెప్పేటప్పుడు, రెండోది పడవ ఎక్కాక, మూడోది ట్యాంకు తగిలించేటప్పుడు చూసుకుంటే సరిపోతుంది. విడిగా గంట కేటాయించే పనే లేదు. అంతమంది షుగర్ వాళ్లు వస్తారా అనీ అనుకోవచ్చు. ఐసీఎంఆర్ చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. పెద్దవాళ్లలో నూటికి 11 మందికి పైనే. మీ పడవలోకి వాళ్లు రోజూ ఎక్కుతూనే ఉన్నారు. మీ ఫారాల్లోనే కనిపించడం లేదు.

నా తోటి షుగర్ మనుషులకూ ఒక మాట. వాళ్లు అడగలేదు కాబట్టి మనం చెప్పలేదన్న సాకు నీళ్లలో పనికిరాదు. మనం దాచితే మనకోసం దిగే మనిషిని కూడా ప్రమాదంలోకి లాగినట్టే. మనల్ని పైకి తేవాలని తన ప్రాణం పణంగా పెట్టే శిక్షకుడికి, తాను ఎలాంటి మనిషి చెయ్యి పట్టుకున్నాడో తెలిసే హక్కుంది.

పోయిన ఏడాది నవంబరులో జరిగింది చెప్పి ముగిస్తాను. రుషికొండలో పడవ ఎక్కి, ఎప్పట్లాగే అందరి ముందే మీటర్ తీసి వేలు గుచ్చుకున్నాను. ఎదురుగా కూర్చున్న యాభై దాటిన పెద్దమనిషి కాసేపు నన్నే చూశారు. తర్వాత నెమ్మదిగా నా పక్కకి జరిగారు. "మాది రాజమండ్రండి. నాక్కూడా ఉందండి. ఫారంలో లేదని రాసేశానండి" అన్నారు. పొద్దున ఏం తిన్నారని అడిగితే, మాత్ర ఒక్కటే వేసుకున్నానన్నారు. గ్లిమెపిరైడ్. నా మీటరుతోనే చూశాం. 96. ఒడ్డున కూర్చున్నవాడికి అది నిక్షేపంలాంటి అంకె. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, గంటసేపు సముద్రంలో ఈదబోయే మనిషికి కాదు. శిక్షకుడిని పిలిచి తానే చెప్పుకున్నారు. ఆ రోజు ఆయన దిగలేదు. నేను తెచ్చుకున్న పులిహోర సగం తిని, పడవలోనే కూర్చుని మా కోసం ఎదురుచూశారు.

జనవరిలో డాక్టరు కాగితం, ట్రెడ్‌మిల్ రిపోర్టు తీసుకుని మళ్లీ వచ్చారు. 168, 174, 181. మూడోది చూశాక శిక్షకుడు ఆయనకు ఎల్ సైగ మరోసారి చేసి చూపించి, చెయ్యి పట్టుకుని దిగాడు. అరగంట తర్వాత పైకి వచ్చి, మాస్కు తీసి, మొదట ఆయన అన్న మాట: "వేలు కడుక్కుంటానండి, కాస్త మంచినీళ్లివ్వండి."

ఆయన చేత నవంబరులో నిజం చెప్పించింది ఏ ఫారమూ కాదు. పడవలో అందరికీ కనిపించేలా బయటికి తీసిన ఒక మీటర్. మీ పడవలోనూ ఒకటి అలా కనిపించేలా ఉంచండి.

ఇట్లు
సముద్రాన్నీ మిమ్మల్నీ నమ్ముకున్న
ఒక విశాఖ డైవరు